బిగువు విప్పని బ్లేడు

ప్రాణమిచ్చిన దేవునికి స్తోత్రం. పనిముట్టు పట్టే చేతులిచ్చినందుకు, ఆ చేతులకు పని చూపించినందుకు స్తోత్రం. వాన మొహం చాటేసిన ఏడాది కూడా మా రేకుల కప్పు కింద పాట ఆగకుండా కాపాడినందుకు స్తోత్రం. మనుషులను మాకిచ్చినందుకు, ఇచ్చినవారిని తిరిగి తన దగ్గరకు పిలుచుకున్నందుకు కూడా స్తోత్రం. ఈ చివరి మాటకు నా నోరు ఇంకా సరిగా తిరగడం లేదు. అయినా అంటున్నాను. ముందు నోటితో అనండి, మనసు వెనకనుంచి వచ్చి కలుస్తుందని మా సంఘ పెద్దలు నేర్పారు.

మొన్న మా బేతంచెర్లలో చనిపోయిన ఒక సహోదరుని ఆదరణ కూటం జరిగింది. స్క్రోల్ సా అనే మిషను మీద చెక్కలో అక్షరాలు, తీగలు, పావురాలు కోసే మనిషి. పేరు రాయను. ఊళ్లో సగం ఇళ్లకు పేరు పలకలు కోసిచ్చి తన అంగడికి మాత్రం బోర్డు పెట్టుకోలేదు ఆయన. ఎందుకన్నా అని అడిగితే, "నా నోరు రైలు టేషన్ దాకా ఇనపడ్తాది. బోర్డెందుకు దండగ?" అనేవాడు.

ఆ రోజు వాక్యం చెప్పడానికి వేంపల్లె నుంచి ఒక అయ్యగారు వచ్చారు. పోయిన మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. చూడని మనిషి గురించి అరగంట మాట్లాడాలంటే ఎవరికైనా అందరికీ సరిపోయే మాటలే దొరుకుతాయి.

"మన సహోదరుడు నెమ్మదిపరుడు. సాత్వికుడు. దేవుని సన్నిధిలో కదలక మెదలక కూర్చొని వాక్యం ఆలకించినవాడు," అన్నారు.

నా పక్కన కూర్చున్న పెద్దక్క నావైపు వంగింది. పోయినవాడికి సొంత అక్క ఆమె. సంఘంలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ పెద్దక్కే.

"ఎవురి గురించి మా, ఈయప్ప చెప్తాండేది?" అని చెవిలో అడిగింది. "వేరే కూటానికి రాసుకున్యది ఈడ సదువుతాండాడేమో."

అంత దుఃఖంలోనూ నాకు నవ్వు వచ్చింది. నవ్వు కనపడకుండా తల వంచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, మిషను మీద బ్లేడు ఇంకా బిగించే ఉంది.

ఆయన పోయింది పట్టపగలు. ఒక పావురాన్ని సగం కోసి, టీ తాగొస్తానని తలుపు దగ్గరకేసి వెళ్లాడు. టీ అంగడి బల్ల మీదే ఒరిగిపోయాడు. ఆ తర్వాత ఆ అంగడి తలుపుకు ఎవరో తాళం వేసి చెవి పెద్దక్క చేతికిచ్చారు గాని లోపలికి ఎవరు పోతారు? సాయంత్రం పని చాలించేటప్పుడు బ్లేడు బిగువు వదలకుండా ఆయన ఇంటికి పోయిన రోజు లేదు. ఇప్పుడు పగలూ రాత్రీ ఆ సన్నటి ఇనుప ముక్క సాగదీసినట్టే ఉంది. ఈ సంగతి తలకెక్కాక నేను కూర్చోలేకపోయాను. వాక్యం మధ్యలో లేవకూడదని ఆదివారం బడి పిల్లలకు చెప్పేదాన్ని నేనే. చాప మీద అటు ఒరిగాను, ఇటు ఒరిగాను. కాళ్లు ముడుచుకున్నాను, చాపుకున్నాను. ఆయన కూడా ఇట్లాగే కదిలేవాడు కదా అనిపించింది.

ఆయన మందిరంలో కూర్చునే చోటు వెనక తలుపు దగ్గర, చెప్పుల పక్కన. పాట మొదలయ్యాక వచ్చేవాడు. రెండో చరణానికి లేచేవాడు. ఫ్యాను రెక్క కొట్టుకుంటోందని బల్ల ఎక్కేవాడు. బయట రాళ్ల లారీ వెనక్కి వస్తుంటే డ్రైవరు కంటే ముందు తాను అరిచేవాడు, "రానీ, రానీ, ఆపు!" అని. మళ్లీ వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. ప్రార్థనలో కళ్లు మూసుకునేవాడు కాదు. నేనొకసారి పట్టుకున్నాను.

"అన్నా, పిల్లలు చూస్తున్నారు. నువ్వే కళ్లు మూసుకోకపోతే ఎట్లా?"

"మూసుకుంటే నాకు చెక్క కనపడ్తాది టీచరమ్మా. తెరిస్తేనే దేవుడు." అని, నా మొహం చూసి, "అబద్ధం చెప్పల్యా, ఒట్టు," అన్నాడు.

"ఒట్టు వేయకూడదన్నా."

"సరే, ఒట్టు గూడ ఏయల్యా. ఇంగ పోతునా?"

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. తీగలాంటిది ఏది కనిపించినా మీటేవాడు. బట్టలారేసే తీగ, నులకమంచం తాడు, కరెంటు స్తంభానికి కట్టిన వైరు, మందిరంలో గిటారు. మీటి, తల ఒక పక్కకు వంచి విని, "లూజు" అనో "బిర్రు" అనో తీర్పు చెప్పేవాడు. గిటారు వాయించే సహోదరుడు ఎంత కష్టపడి శ్రుతి చేసుకున్నా ఈయన వెనకనుంచి వచ్చి ఒక తీగ మీటి, "లూజు" అని పోయేవాడు. పాపం, ఆ తమ్ముడు మళ్లీ మొదటినుంచి సరిచేసుకునేవాడు. ఈయన పాడితే మాత్రం శ్రుతి ఏ వీధిలో ఉందో ఈయన ఇంకో వీధిలో ఉండేవాడు.

అదంతా మిషను దగ్గర పట్టిన అలవాటు. ఆ మిషను చూడనివారికి చెప్పాలంటే, కుట్టుమిషను సూది ఉన్నచోట జడ పిన్నంత సన్నటి రంపం బ్లేడు ఉంటుందనుకోండి. కింద ఒక పట్టు, పైన ఒక పట్టు. ఆ రెండింటి నడుమ బ్లేడు నిటారుగా నిలిచి పైకీ కిందికీ ఆడుతుంది. చెక్కను చేత్తో తిప్పుతుంటే మన రాతలోని వంపులన్నీ తిరుగుతుంది. వెనక ఉన్న మరను తిప్పితే బ్లేడు బిగుస్తుంది. తక్కువ బిగిస్తే కోత గీత వదిలి పక్కకు పోతుంది. ఎక్కువ బిగిస్తే బ్లేడు తెగుతుంది. సరిగ్గా ఉందో లేదో ఆయన వేలితో పక్కనుంచి నెట్టి చూసేవాడు, ఆ తర్వాత మీటి వినేవాడు. టింగుమని సన్నగా, తేటగా పలకాలి.

రాయచోటి నుంచి ఒక వడ్రంగి ఒకసారి గుప్పెడు తెగిన బ్లేడులు గుడ్డలో మూటకట్టుకొని వచ్చాడు. ఆదివారం బడికి చెక్క అక్షరాలు అడగడానికి వెళ్లి నేను అక్కడే ఉన్నాను.

"బిగువు చాల్యా అని తిప్పినా అన్నా. తెగింది. ఇంగా తిప్పినా. మల్ల తెగింది."

"ఏమప్పా, నీ పెండ్లాం అలిగితే గూడ ఇట్లనే ఇంగా గట్టిగ అరుస్తావా?"

"అరుస్తా అన్నా. అరిస్తే పుట్టింటికి పోయింది."

"మల్ల? బ్లేడు గూడ పోయింది. ఇట్ల తే." ఆయన మూట విప్పి ఒక్కొక్క ముక్క గోటితో తడిమాడు. "బ్లేడు పండ్లు సూడు, అన్నీ అరిగి ఉండాయి. మొద్దుబారిన బ్లేడు పక్కకు పోతాది. నువ్వేమో లూజు అనుకుంటాండావు. బిగిస్తాండావు. చెక్కను నెడతాండావు. తెగక ఏం జేస్తాది? పాపం, దానికి నోరు లేదు కాబట్టి సరిపాయ."

"బిగువు తప్పు కాదంటావా?"

"తప్పు యాడుందో సూడకుండా మర తిప్పేది తప్పు. నాకు గూడ మా ఉస్తాద్ చెంప పగలగొట్టినాక తెలిసింది లే. నిన్ను కొట్టను, టీచరమ్మ ఉండాది."

ఇంకోసారి మా మందిరానికి వచ్చిన ఒక బోధకుడు ఆ మిషను సంగతి ఎవరి దగ్గరో విని ప్రసంగంలో వాడుకున్నారు. దేవుడు మనలను బిగిస్తాడు, శ్రమలతో ఇంకా బిగిస్తాడు, మరీ బిగిస్తాడు, అప్పుడే మన నడక సూటిగా ఉంటుంది అంటూ గొంతు పెంచారు. మేమంతా ఆమేన్ అనబోతుంటే వెనక తలుపు దగ్గరనుంచి ఒక గొంతు లేచింది.

"అయ్యా, అట్ల బిగిస్తే తెగుతాదయ్యా! సాయంత్రం వదల్ల గూడ!"

మందిరమంతా గొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన మిషను మీద ఉపమానం చెప్పే ధైర్యం మా సంఘంలో ఎవరికీ రాలేదు. నేనూ చెప్పను.

సాయంత్రం వదలడం మాత్రం ఆయనకు నిష్ఠ. మర వెనక్కి తిప్పి బ్లేడును మీటేవాడు. టింగుమనేది కాస్తా మొద్దుగా, నిద్రమత్తులో మాట్లాడినట్టు పలికేది. "దేవుడే పని ఇడిసి ఒక దినం కుచ్చున్యాడు. ఇనుప ముక్క కుచ్చోవద్దా?" అనేవాడు.

"మరి నువ్వెప్పుడు కూర్చుంటావన్నా?"

"నాకు మర యాడుండాదో దొరకల్యా మా," అని అప్పటికే సైకిలెక్కేవాడు.

ఇక పెద్దక్క నూనె సంగతి చెప్పాలి. మా సంఘంలో కొత్త బండి కొన్నా, బోరుకు మోటరు దించినా, రాళ్ల పాలీషు యూనిట్లో కొత్త మిషను పెట్టినా ప్రార్థన చేసి నూనె రాయడం వాడుక. పెద్దక్క చేతి ప్రార్థనంటే మాకందరికీ నమ్మకం. ఆమె భర్త చనిపోయాక ఆమెకు ఉన్నదల్లా ఈ తమ్ముడు, మోకాళ్ల ప్రార్థన. ప్రతి సోమవారం పొద్దున్నే చిన్న సీసాలో నూనె పట్టుకొని తమ్ముడి అంగడికి వచ్చేది. ముందు తమ్ముడి నొసటికి పెట్టేది. ఆయన తల వెనక్కి లాక్కుంటుంటే చెవి పట్టుకొని మరీ పెట్టేది. తర్వాత మిషనుకు పెట్టేది. మనిషికైనా మిషనుకైనా నూనె తలమీదే పెట్టాలని ఆమె పట్టుదల. ఆ మిషనుకు తల అంటే బ్లేడు కొసను పట్టుకునే పై పట్టు. సరిగ్గా అక్కడే పెట్టేది.

అక్కడ నూనె పడితే ఏమవుతుందో రంపం పట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. పట్టు జారుతుంది. ఎంత బిగించినా బ్లేడు కొస మెల్లగా జారి బిగువు పోతుంది. మధ్యలో ఊడిందంటే కొరడాలా కొడుతుంది. పాకెట్టులో వచ్చే కొత్త బ్లేడుల మీద ఉండే పలుచని నూనెనే ఆయన గరుకు కాగితంతో రుద్దనిదే బిగించేవాడు కాదు.

ఒక సోమవారం నేను లోపలికి వెళ్లేసరికి పెద్దక్క అప్పుడే వీధి మలుపు తిరుగుతోంది. ఆయన పై పట్టు మరలు విప్పి, మేకుకు తగిలించిన గుడ్డ తీసి, ఆ నూనెను తుడుస్తున్నాడు. ఊరికే తుడవడం కాదు. గుడ్డను వేలికి చుట్టి పట్టు లోపలి సందు దాకా, తల వంచి, మెల్లగా తుడుస్తున్నాడు.

"అన్నా! ప్రార్థన చేసిన నూనెను తుడిచేస్తున్నావా?"

"మెల్లగ మాట్లాడు మా. అక్క ఇంగా సందులోనే ఉండాది."

"తప్పు కదా అన్నా?"

"దేవునికి జారదు టీచరమ్మా. బ్లేడుకు జారుతాది."

"అయితే పెద్దక్కకు చెప్పు. పక్కన ఎక్కడైనా పెడుతుంది."

"చెప్తే పక్కన పెట్టదు. ఇన్నాళ్లూ తమ్మునికి అడ్డం పడ్తి అని ఏడుస్తాది. ఇంగ రానే రాదు." ఆయన గుడ్డ మేకుకు తగిలించి నావైపు వేలు చూపాడు. "నువ్వు గూడ చెప్పొద్దు. చెప్పినావంటే నీ అక్షరాలన్నీ తలకిందులుగ కోస్తా."

నేను చెప్పలేదు. ఆ తర్వాత కొత్త మందిరం పని వచ్చింది.

పాత మందిరం తలుపు టేకుది. పెద్దక్క భర్త బతికి ఉన్నప్పుడు ఇచ్చింది. కొత్త మందిరంలో ప్రసంగ పీఠం ముందు భాగానికి ఆ తలుపు పలకనే వాడాలని, దాని మీద ద్రాక్షతీగ, నడుమ స్తోత్రము అన్న మాట కోయించాలని సంఘం అనుకుంది. పలక ఒక్కటే. పాడైతే ఇంకొకటి లేదు. కర్నూలుకు పంపితే కంప్యూటరు మిషను మీద తప్పు లేకుండా కోస్తారని ఒక పెద్ద అన్నాడు. అంతే, వెనక తలుపు దగ్గరనుంచి ఈయన లేచి ముందుకొచ్చాడు.

"మా బావ ఇచ్చిన తలుపు అది. కర్నూలుకు పోయేదేంది? నేను కోస్తా."

"తప్పు పోతే?"

"ఒక్క గాటు పన్యాదంటే ఇంగ జన్మలో ఆ మిషను ముట్టను. దేవుని ముందర చెప్తాండా."

"అంత మాట ఎందుకు బ్రదర్?" అన్నారు మా అయ్యగారు.

"నోరు దాటింది కదయ్యా. ఇంగ మాటంటే మాట."

పెద్దక్క తల పట్టుకుంది. సన్నిధిలో అన్న మాట మాకు ఆట కాదు. ఆ మిషను తప్ప ఆయనకు ఇంకో బతుకు లేదు. కాళ్లు ఒకచోట నిలవని ఆ మనిషి నిలబడేది దాని ముందే.

తీగ కోశాడు. ఆకులు కోశాడు. పండ్ల గుత్తులు కోశాడు. నేను వెళ్లినప్పుడల్లా కొత్త బ్లేడు వేసి మీటుతూ కనిపించేవాడు. కొంచెం మొద్దుబారగానే తీసేసేవాడు. "దీని మీద పిసినారితనం పనికిరాదు మా," అనేవాడు. అక్షరాలు కూడా దాదాపు అయిపోయాయి. చివరి 'ము' లో గుండ్రం ఒక్కటి మిగిలింది.

ఆ గుండ్రం కోసే రోజు అయ్యగారు, పెద్దలు, మేమందరం చూడ్డానికి వెళ్లాం. లోపలి గుండ్రం కోయాలంటే ముందు చెక్కకు చిన్న రంధ్రం వేయాలి. బ్లేడును పై పట్టు నుంచి విడిపించి, ఆ రంధ్రంలోంచి దూర్చి, మళ్లీ పై పట్టులో బిగించాలి. ఆయన రంధ్రం వేసి, బ్లేడు దూర్చి, కొసను బిగించబోతున్నాడు.

"ఆగు బ్రదర్. ప్రార్థన చేసుకుని మొదలుపెడదాం," అన్నారు అయ్యగారు. "పెద్దక్కా, నూనె."

పెద్దక్క సీసా తీసింది. మూత తిప్పడానికి కొంత సేపు పట్టింది. ముసలి చేతులు, మూత రావడం లేదేమో అనుకున్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆమె వేలు సీసాలో ముంచి, తెరిచి ఉన్న ఆ పై పట్టుకు నూనె రాసింది. ఆమేన్ అన్నాం.

ఆయన కళ్లు మేకు మీదికి పోయాయి. గుడ్డ అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. అందరి ముందు, అక్క రాసిన నూనెను అక్క ముందే తుడవాలి. చెయ్యి లేచింది. మళ్లీ దిగింది. బ్లేడు కొసను ఆ నూనెలోనే పెట్టి మర బిగించాడు. మీటాడు. మెత్తగా పలికింది. ఇంకొంచెం బిగించి మళ్లీ మీటాడు. టింగుమంది. నావైపు ఒకసారి చూసి స్విచ్చి వేశాడు.

గుండ్రం సగం తిరిగింది. ఠప్పుమని చప్పుడు. పై కొస ఊడి బ్లేడు ఎగిరి కొట్టింది. స్విచ్చి ఆపేసరికి 'ము' గుండ్రానికి అడ్డంగా తెల్లటి గాటు పడింది.

వెనకనుంచి ఒక పెద్ద, "కర్నూలుకు పంపుదామంటే నా మాట ఇంటిరా?" అని గొణిగాడు.

"నా సెయ్యి జారింది," అన్నాడు ఆయన. అంత పెద్ద నోరున్న మనిషి ఆ మాట ఎంత చిన్నగా అన్నాడో. ఒప్పుకున్న పని కాబట్టి మిగిలిన సగం కొత్త బ్లేడుతో పూర్తి చేశాడు. పలకను అయ్యగారి చేతికిచ్చాడు. మిషను మీద దుప్పటి కప్పాడు.

"మనుషులమన్న తర్వాత జారుతుంది బ్రదర్. ఆ మాట ఎవరూ పట్టించుకోరు," అన్నారు అయ్యగారు.

"నేను పట్టించుకుంటా అయ్యా."

కొత్త మందిరం ప్రతిష్ఠ రోజున ఆయన లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు ఊరంతా తిరిగాడు. పొద్దున రైలు స్టేషన్లో కనిపించేవాడు, మధ్యాహ్నం రాళ్ల గనుల దారిలో. ఏ తీగనూ మీటేవాడు కాదు. అది చూస్తే నాకు భయం వేసేది. నిజం చెప్పేద్దామంటే పెద్దక్క మొహం కళ్లముందుకొచ్చేది. ఊరుకుందామంటే ఆ దుప్పటి కనపడేది. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా నా మనసు ఆ రెంటి మధ్య పరుగెత్తేది.

తర్వాత ఒక రోజు ఆ సందులోంచి మిషను చప్పుడు వినిపించింది. లోపలికి పరుగెత్తాను. ఆయన తల ఎత్తలేదు. "ఆదివారం బడికి పావురాలు కావల్లన్యావు కదా టీచరమ్మా. అడ్డం నిలబడొద్దు, ఎలుతురు పోతాది," అన్నాడు. ఎట్లా తిరిగొచ్చాడో నేను అడగలేదు. వచ్చాడు, చాలు అనుకున్నాను. స్తోత్రం అని ఇంటికొచ్చాను.

మొన్న కూటంలో నేను ఇట్లా అటూ ఇటూ కదులుతుంటే పెద్దక్క నా తొడ మీద గిచ్చింది.

"ఏంది మా, చీమలు కుడ్తాండాయా?"

"పెద్దక్కా, అంగట్లో బ్లేడు బిగించే ఉంది."

ఆమె నా మొహంలోకి చూసింది. కొంగు సర్దుకుని, నా భుజం పట్టుకుని లేచింది. "లెయ్. పోదాం పా."

"వాక్యం అవుతోంది."

"ఆయప్ప చెప్పే సాత్వికుడు నా తమ్ముడు కాదు. నా తమ్ముడైతే ఈపాటికి మూడు మార్లు లేసి పోయుంటాడు."

తమ్ముడి ఆదరణ కూటం మధ్యలోంచి అక్క లేచిపోవడం సంఘమంతా చూసింది. వెనక తలుపు నుంచే పోయాం, ఆయన చోటు పక్కగా. చెప్పులు వేసుకుంటుంటే వేంపల్లె అయ్యగారి గొంతు ఒక్క క్షణం తడబడింది.

తాళం చెవి ఆమె కొంగునే ఉంది. లోపల రంపపు పొట్టు వాసన. చెక్కలో సగం కోసిన పావురం, దాని రెక్కలో గుచ్చుకున్నట్టు నిలిచిన బ్లేడు. పెద్దక్క వంగి దాన్ని వేలితో మీటింది. టింగుమంది. ఆ మీటడంలో తల పక్కకు వంచడం కూడా తమ్ముడిలాగే ఉంది.

ఆమె రెండు చేతులతో వెనక మర పట్టుకుని తిప్పింది. ఏ వైపు తిప్పాలో ఆమెకు తెలుసు. మళ్లీ మీటింది. మొద్దుగా పలికింది.

"పండుకో నాయనా," అంది మిషనుతో. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు తగ్గాక నడుముకు దోపిన సంచిలోంచి సీసా తీసింది. పై పట్టుకు నూనె రాసింది. మేకుకున్న గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. "తుడ్చు," అంది.

నేను గుడ్డ మడత విప్పి చూశాను. ఆ గుడ్డ నీలం పూల చీర ముక్క. ఆ చీర ఎన్నో క్రిస్మసులకు ఆమె ఒంటి మీద చూశాను.

"పెద్దక్కా, నీకు తెలుసా?"

"తెలీకేం? మొదుట్నుంచి తెలుసు. సందు మలుపులో నిలబడి సూస్తాంటి. వాడు నూనె తుడ్సేంత సేపు తల వంచుకొని, కిక్కురుమనకుండ, ఒక్క తావున నిలబడ్తాండె. వాన్ని అట్ల నిలబెట్టేది ఇంగ దేనితోనూ నాకు శాత కాల్యా మా. అందుకే పెడ్తాంటి."

"మరి ఆ రోజు?"

ఆమె ఆ సగం పావురం రెక్క మీద పొట్టు దులిపింది.

"ఆ పొద్దు అయ్యగారు నూనె అంటే, వద్దయ్యా అనేదానికి నాకు నోరు రాల్యా. అందరూ సూస్తాండారు. వాడు తుడుస్తాడులే అనుకున్యా. వాడు తుడ్సల్యా. అందరి ముందర నా నూనెను నిలబెట్టి, వాడు తల దించుకున్యాడు. ఎవరైనా తోడబుట్టిందాని కోసం అట్ల చేస్తారా మా?"

ఆమె మిషను మీద చెయ్యి వేసింది.

"దుప్పటి కప్పి పోయినాడు కదా. నేను ఇడుస్తానా? దినామూ వచ్చి దుప్పటి తీసి, నూనె పోస్తాంటి. రాసేది గాదు, పోసేది. కారి బల్ల మీద పడేటట్టు. వాడు రాల్యా, రాల్యా, ఒకనాడు వచ్చినాడు. ఆ నూనె సూసి తట్టుకోలేక గుడ్డ తీసినాడు. వాకిట్లో నిలబడి, ముట్టనంటివే నాయనా అన్యా."

"ఏమన్నాడు?"

"'ముట్టల్యా అక్కా, తుడుస్తాండా అంతే' అన్యాడు." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "వాడు అట్ల అంటా ఉంటే ఇద్దరమూ నవ్వినాము. నవ్వి నవ్వి నేను ఆడనే కూలబడ్తి. అన్న మాటకు దేవుని ముందర ఇద్దరమూ క్షమాపణ అడుక్కుంటిమి. వాడు అప్పుడు గూడ కండ్లు మూసుకోల్యా. ఆ గుడ్డ శానా మురికి అయ్యింటే నా చీర చింపి కొత్తది ఇస్తి. ఇంగ అక్కడ్నుంచి నేను రాసేది, వాడు నా ముందరే తుడ్సేది."

నేను గుడ్డను వేలికి చుట్టుకున్నాను. పట్టు లోపలి సందు దాకా మెల్లగా తుడిచాను. తల వంచక తప్పలేదు, వంచకపోతే ఆ సందు కనపడదు. అది చేస్తున్నంత సేపు నా కాళ్లు కదలలేదు. కూటం మొదలైనప్పటి నుంచి నాలో తిరుగుతున్నదేదో కాసేపు ఆగింది. మళ్లీ మొదలైంది, అది వేరే సంగతి. ఈ మిషను ముందు ఇక ఎవరు నిలబడతారు? ఈ పావురం మిగతా రెక్క ఎవరు కోస్తారు? వచ్చే సోమవారం పెద్దక్క నూనె రాస్తే తుడిచేదెవరు?

ఆదివారాలు నేను ప్రసంగ పీఠానికి ఎదురుగానే కూర్చుంటాను. ఆ 'ము' లోని గాటు అక్కడినుంచి బాగా కనపడుతుంది. చేయి జారిన గుర్తు అని కొత్తవాళ్లకు చెబుతుంటారు. పెద్దక్క అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. రాయమంది, పేరొద్దు అంది.

చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీరు ఎక్కడున్నా ఈ సోమవారం పొద్దున ఒక్క నిమిషం మాతో కలవండి. తమ్ముడు లేని అక్కను దేవుడు చెయ్యి పట్టి నడిపించాలని, ఆ అంగట్లోకి పనిమీద ప్రేమ ఉన్న ఒక మనిషిని పంపాలని, నిలవలేని వారందరికీ నిలబడే ఒక చోటు చూపించాలని మాతో ప్రార్థించండి. కళ్లు తెరుచుకుని చేసినా సరే. పెద్దక్కా నేనూ ఆ రోజు ఆ మిషను ముందు అట్లాగే చేశాం. మేం ఆమేన్ అన్నాం. మీ ఆమేన్ కోసం చూస్తున్నాం.